ముప్పై ఎనిమిదో గంట

గూడ్సు గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి నేను.
ఇచ్ఛాపురం దాటిన వేళ, పలాస చేరిన వేళ
నిమిషం తప్పకుండా రాసిన చెయ్యి ఇది.
అందుకే పిలిచారు
జీడిపిక్కల కార్మికుల సంఘం హాలుకి,
సాక్షిగా కూర్చోమని.

ఎదురుగా గురువులు.
పేరే గురువులు, ఎవరికీ గురువు కాడు.
బ్యాండు మేళంలో క్లారినెట్టు.
ఇవాళ ఎర్ర కోటు లేదు.
కొడుకు కొన్న తెల్ల చొక్కా,
మడతల గీతలు ఇంకా పోలేదు.

యాభై గంటలు ఊదాలట.
ఏదో మంచుదేశంలో ఎవడో నలభైతొమ్మిది ఊదాడట.
గంటకి అయిదు నిమిషాలు విరామం.
ఊదిన పాట నాలుగు గంటల్లోపు మళ్లీ ఊదకూడదు.
వినేవాళ్లు పదిమందికి తగ్గకూడదు.
నిబంధనల కాయితం గోడకి అంటించారు
అన్నం మెతుకులతో.

"రేత్రంతా ఊదడం నాకు కొత్తేటి బావూ?
మందస నుంచి సోంపేట దాకా
పెళ్లికొడుకు గుర్రం ముందర నడుస్తా ఊదీసినాను.
అప్పుడెవుడూ లెక్కెట్టనేదు. అంతే తేడా."

ఎదురుకోలు అయింది, తలంబ్రాలు అయ్యాయి,
అప్పగింతలకి వెనక వరసలో ఎవరో నిజంగానే ముక్కు చీదారు.
సినిమా పాటలు, నిమజ్జనం పాటలు,
ఎన్నికల ఊరేగింపు పాటలు, రెండు పార్టీలవీ.
అర్ధరాత్రి మెయిలు కూత వేస్తే
ఆ కూత శ్రుతిలోనే అందుకున్నాడు తర్వాతి పాట.
నేను తప్ప ఎవరూ గమనించలేదు.

రెండో రాత్రికి కింది పెదవి చిట్లింది.
విరామంలో భార్య కొబ్బరినూనె రాస్తోంది,
మాట్లాడదు, గడియారం వంక చూస్తుంది.
2.14 – రీడు మార్పు, నలభై సెకన్లు.
పుస్తకంలో నెత్తురుకి గడి లేదు.
'ఇతరములు' కింద రాశాను.

నాలుగయింది. ముప్పై ఎనిమిదో గంట.
గురువులు ఫ్యాను వంక చూశాడు.
నేను వెనక పేజీలు తిప్పాను.
అన్నీ అయిపోయాయి, వచ్చినవన్నీ.
కళ్లు మూసుకుని
మిగిలిన ఒక్కటీ ఎత్తుకున్నాడు,
పాడె ముందు ఊదేది.

కుర్చీల్లో కునుకుతున్నవాళ్లు ఉలిక్కిపడి లేచారు.
చీరల కొట్టు షావుకారు చెప్పులు వెతుక్కున్నాడు.
"శుభమా అని వొస్తే!" అంటూ
ఒకావిడ నిద్రపిల్లని భుజానికెత్తుకుంది.
లెక్కపెట్టాను.
పద్నాలుగు. పదకొండు.
పది.
తలుపు దగ్గర ఒకడు బీడీ తీసి ఆలోచిస్తున్నాడు.
వాడు గడప దాటితే నేను గీత గీసెయ్యాలి.
పెన్ను మూత తీసి పట్టుకున్నాను.

వాణ్ణి పక్కకి తోసుకుంటూ వచ్చారు
పిక్కలు కొట్టడానికి పోతున్న ఆడవాళ్లు.
కొంగున బూడిద మూటలు,
జీడి కాల్చిన నల్లటి వేళ్లు.
వీధిలోకి వినబడిందట, ఎవరు పోయారో చూద్దామని వచ్చారట.

దాలమ్మ నేల మీద చతికిలబడింది.
"మా తవుడు ముందర ఇదే ఊదినావు కదరా నాయినా, వానలో.
సగంలో ఆపీసినావు.
మిగిల్నాది ఊదు."

ఆ రోజు రీడు తడిసిపోయిందని
గురువులు ఇప్పుడెలా చెప్తాడు, నోట్లో క్లారినెట్టుతో?
ఊదాడు.
విరామం బెల్లు కొట్టారు, ఆపలేదు.
చెరువుగట్టు మలుపు దాకా, చింతల దాకా,
మోసేవాళ్లు భుజం మార్చుకునే చోట కాస్త నెమ్మదించి,
అక్కడి దాకా ఊదాడు.
దాలమ్మ ఏడవలేదు. తల ఊపుతూ కూర్చుంది
బాకీ అణా పైసలతో సరిచూసుకుంటున్నదానిలా.

పాట పేరు రాయాల్సిన గడి.
ఆ పాటకి పేరుందో లేదో నాకేం తెలుసు?
'తవుడు' అని రాశాను.
హాజరు: ముప్పై ఒకటి.

యాభై మీద పన్నెండు నిమిషాలు ఎక్కువే అయింది.
చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు.
దాలమ్మ అప్పటికి పనిలో ఉంది.

ఏడు నెలలకి ఉత్తరం వచ్చింది నా పేరున.
అన్నీ సరిపోయాయట, ఒక్క సందేహమట.
'తవుడు' అను రచనకి స్వరకర్త ఎవరు,
పూర్తి నిడివి ఎంత, తెలుపగలరు.

గురువులు కాశీబుగ్గలో పెళ్లికి పోయాడు, ఎర్ర కోటుతో.
నేను పెన్ను మూత తీసి కూర్చున్నాను.
గార్డుగా నాకు రాయడం వచ్చినవి రెండే:
బండి వచ్చిన వేళ,
బండి పోయిన వేళ.